రెండుసార్లు తెల్లారే ప్రయాణం!

విమానంలో ఉండగానే తెల్లారింది. మధ్యాహ్నమైంది, చీకటి పడింది, మళ్లీ తెల్లారింది. అయినా గమ్యం రాలేదు... మధ్యలో ఎక్కడా ఆగనూ లేదు. కింద ఎటు చూసినా హిందూ మహాసముద్రమే!

ఇది 1943 నాటి మాట. రెండో ప్రపంచయుద్ధంలో అంతకు ముందు ఏడాదే సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. దాంతో ఆస్ట్రేలియా నుంచి లండన్‌కి విమానాల దారి తెగిపోయింది. దాన్ని కలపడానికి క్వాంటాస్ సంస్థ పెర్త్ నుంచి సిలోన్‌లోని కొగ్గల సరస్సుకి కాటలీనా సీప్లేన్లు నడిపింది. దూరం 5,600 కిలోమీటర్ల పైమాటే. పట్టే సమయం 27 నుంచి 33 గంటలు! బరువంతా ఇంధనానిదే కాబట్టి ముగ్గురికి మించి ప్రయాణికుల్ని ఎక్కించుకునే వీల్లేదు. శత్రువు పసిగడతాడని రేడియో వాడేవారు కాదు. రాత్రిళ్లు చుక్కల్ని చూసే దారి పోల్చుకోవాలి. ప్రయాణం చేసినవాళ్లకి 'రెండు సూర్యోదయాల రహస్య సంఘం' సభ్యులంటూ ఓ సర్టిఫికెట్ ఇచ్చేవారు.

పేరుకే కంగారూ...

యుద్ధం ముగిశాక 1947 డిసెంబరు 1న సిడ్నీ నుంచి లండన్‌కి సర్వీసు మొదలైంది. నేరుగా కొలిస్తే దాదాపు 17 వేల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న విమానదూరానికి పదమూడు రెట్లు! డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలి... ఇలా గంతులేస్తూ వెళ్లేది కాబట్టి 'కంగారూ రూట్' అన్నారు. పేరులోనే కంగారు, ప్రయాణమంతా నింపాదే. సింగపూర్లో ఓ రాత్రి, కైరోలో ఓ రాత్రి బస. మొత్తం నాలుగు రోజులు.

జెట్ విమానాలొచ్చాక మజిలీలు ఒక్కొక్కటే తగ్గాయి. 2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కి ఎక్కడా ఆగకుండా వెళ్లే సర్వీసు ప్రారంభమైంది. 14,498 కిలోమీటర్లకు సుమారు 17 గంటలు. పడమర నుంచి తూర్పుకి వీచే జెట్‌స్ట్రీమ్ గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి, తిరుగు ప్రయాణం కాస్త ముందే ముగుస్తుంది.

ఒళ్లు ఒప్పుకోవద్దూ!

మరి లండన్ నుంచి సిడ్నీకి? 1989లోనే ఓ బోయింగ్ 747 ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో వెళ్లింది. కానీ అందులో టికెట్ కొన్న ప్రయాణికుడు ఒక్కడూ లేడు. 2019 నవంబరులో దాదాపు 50 మందితో మరో ప్రయోగం చేశారు. 19 గంటల 19 నిమిషాలు పట్టింది. ఈసారి పరీక్ష ఇంజిన్‌కి కాదు, మనిషికి. పైలట్ల మెదడు తరంగాల్ని గమనించారు. ప్రయాణికుల భోజనం వేళల్నీ దీపాల వెలుగునీ సిడ్నీ సమయానికి తగ్గట్టు మార్చారు. చేతి గడియారాన్ని క్షణంలో తిప్పేయొచ్చు... ఒంట్లోని గడియారం సర్దుకోవడానికి రోజులు పడుతుంది మరి!

ఈ దారిలో నడపడానికి క్వాంటాస్ 2022లో 12 ఎయిర్‌బస్ ఎ350 విమానాలకు ఆర్డరిచ్చింది. పథకం పేరు 'ప్రాజెక్ట్ సన్‌రైజ్'. చుక్కల్ని నమ్ముకుని సముద్రం దాటిన ఆనాటి కాటలీనాల గుర్తుగానే ఆ పేరు.

నాలుగు రోజులు ఇరవై గంటలకు దిగొచ్చాయి. దూరం మాత్రం అప్పుడూ ఇప్పుడూ అంతే!