గీత పడితే పారేయాలా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే తీరు చూసి రాయమని ఎడిటర్ గారు పంపారు. ఆ షెడ్ల దాకా నేను వెళ్ళనే లేదు. దారిలో ఒక చిన్న పెయింటింగ్ షెడ్డు ముందు వినబడిన మాటలు నన్ను అక్కడే ఆపేశాయి.

"సర్వీస్ సెంటర్లో ఇది విడిగా రాదన్నారు బాబాయ్. డోర్ ప్యాడ్ మొత్తం మార్చాలంట. నాలుగు గీతలకి!" అంటున్నాడొక కుర్రాడు. అతని చేతిలో కారు తలుపు లోపలివైపు, హ్యాండిల్ చుట్టూ ఉండే వెండిరంగు ప్లాస్టిక్ ముక్క ఉంది. ఉంగరాలు, గాజులు, తాళంచెవులు తగిలి తగిలి రంగు లేచిపోయింది. అడుగున నల్ల ప్లాస్టిక్ బయటపడింది.

పెయింటర్ మేస్త్రి జవాబివ్వకుండా ముక్కను తిరగేశాడు. వెనకవైపు రెండు బాణపు మొనల మధ్య 'ఏబీఎస్' అని అచ్చు పోసి ఉంది. "ఏబీఎస్ అయితే బాధ లేదు" అన్నాడు. పాత ప్లాస్టిక్‌ను రకాలవారీగా వేరు చేయడానికి పనికొస్తుందని కంపెనీలు వేసే గుర్తు అది. మేస్త్రి మాత్రం పనంతా అక్కడి నుంచే మొదలుపెడతాడు.

ముందు గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్ళతో కడిగాడు. ఆరాక గుడ్డకు స్పిరిట్ అద్ది తుడిచాడు. లోపలి భాగాలు మెరవాలని మనం పూసే పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అది కాస్త మిగిలినా కొత్త రంగు అక్కడ నిలవక విడిపోయి గుంటలు పడుతుంది. "పాలిష్ పూసిన బండి వస్తే కడగటానికే సగం పని" అన్నాడు.

తర్వాత రుద్దుడు. రంగు లేచిన చోట అంచు చిన్న మెట్టులా ఉంటుంది. 400 నంబరు వాటర్ పేపర్ తడిపి, రబ్బరు ముక్కకు చుట్టి, ఆ మెట్టు పాత రంగులో కలిసిపోయేదాకా నిదానంగా రుద్దాడు. వట్టి వేళ్ళతో నొక్కితే వేళ్ళ కింద గాళ్ళు పడతాయట. మధ్యమధ్యలో చూపు పక్కకు తిప్పుకొని, వేళ్ళ కొసలతో ముక్కంతా తడిమేవాడు. ఒకచోట వేలు ఆగింది. నన్నూ తడిమి చూడమన్నాడు. నాకు నున్నగానే తగిలింది. "ఇప్పుడు తెలవదు సార్, రంగు పడ్డాక కనపడుద్ది" అని అక్కడే మళ్ళీ రుద్ది, ఆపైన 800 నంబరుకు మారాడు. లోతైన గీతలో సన్నగా పుట్టీ నింపాడు. ఆ వేళ్ళ మీది నుంచి నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను.

ఘాటైన థిన్నర్ ఏబీఎస్‌ను మెత్తబరుస్తుంది. అందుకే ప్రైమర్ మొదటి కోటును తడిగా కాకుండా మంచు పట్టినట్టు పలచగా కొట్టాడు. వెండిరంగు ఇంకా మొండిది. అందులో అల్యూమినియం రేణువులుంటాయి. రంగు తడిగా పడితే అవి కిందికి దిగి ఛాయ ముదురుతుంది, పొడిగా పడితే పైనే ఉండి లేతగా కనిపిస్తుంది. డబ్బా ఒకటే అయినా స్ప్రే గన్ దూరం మారితే రంగు మారిపోతుంది. ఆయన ముందు ఒక పాత ముక్క మీద కొట్టి, కారు దగ్గరికి తీసుకెళ్ళి, రెండో తలుపు ముక్క పక్కన ఎండలో పట్టుకుని చూశాడు. తల అడ్డంగా ఊపి, వెనక్కి వచ్చి గాలి తగ్గించాడు. ఇదంతా అరచేయంత ముక్క కోసం!

పక్కన ఇంకో కారుకు చక్రం పైనుండే నల్ల ప్లాస్టిక్ పట్టీ గీసుకుపోయింది. దాని వెనక 'పీపీ' అని ఉంది. అంటే పాలిప్రొపిలీన్. దీని మీద రంగు సులువుగా పట్టదు. అతుక్కోవడానికి ప్రత్యేకమైన ప్రైమర్ ముందుగా కొట్టాలి. అది మానేస్తే కొన్నాళ్ళకే రంగు పొరలుగా ఊడొస్తుంది. పేపర్‌తో రుద్దితే నూగు లేస్తుంది. గీత పైపైన ఉంటే మేస్త్రి రంగు జోలికే పోడు. వేడిగాలి గన్‌ను ఒకచోట ఆపకుండా తిప్పుతూ గీతను సర్దేస్తాడు. క్షణం ఎక్కువైతే ముక్క మెరుపెక్కుతుంది, లేదా వంకర పోతుంది. ఇలాంటి ప్లాస్టిక్‌ల రసాయనశాస్త్రానికి 1963లో జూలియో నట్టా, కార్ల్ జీగ్లర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్లాస్టిక్‌ను మళ్ళీ పనికొచ్చేలా చేసే ఈ మనిషి దగ్గర ఒక్క సర్టిఫికెట్ లేదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులను గుర్తించింది. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, కారు పెయింటర్ లేడు. ఐటీఐల్లో ఆటో బాడీ పెయింటింగ్ కోర్సు ఉంది. వేలి కొసతో లోపం పట్టుకునే ఇలాంటి మేస్త్రులను ఆ పిల్లల ముందు నిలబెట్టి ఎందుకు నేర్పించరు?

ఈ పని తగ్గిపోతోందని ఆయన బాధ. కారణం వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో మార్చిన ప్లాస్టిక్ భాగం ఖరీదులో 50 శాతం తరుగు కింద కోస్తారు, ఆ సగం యజమానే కట్టుకోవాలి. జీరో డిప్ పాలసీలో ఆ కోత ఉండదు కనుక మార్చేయడమే లాభంగా కనిపిస్తుంది. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందన్న సంగతి చాలామందికి గుర్తుండదు. వస్తువులను బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. విడిగా దొరకాల్సిన చిన్న ముక్క దొరకనప్పుడు మాత్రం ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

అన్నిటినీ బాగుచేయాలని ఆయన కూడా అనడు. "ఎయిర్‌బ్యాగ్ మూత తెస్తే ముట్టుకోను సార్. బంపర్ బిగింపులు విరిగితే మార్చుకోమంటా" అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

కోపం వచ్చింది మాత్రం ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు చూసి. రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు వాటిని పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి వస్తే కొద్దిపాటి పొగకే తిరగబెడుతుంది. తువ్వాలు వాటిని ఆపలేదు. బయటి మంచి గాలిని గొట్టంతో అందించే మాస్కు కావాలి. అది కొనుక్కునే స్తోమత ఈ షెడ్డుకు లేదు. కార్మికుల ఆరోగ్యం చూడాల్సిన శాఖలు ఈ వీధుల్లోకి రావాలి, మాస్కులకు సబ్సిడీ ఇవ్వాలి.

చదువుతున్న మీరు చేయగలిగిందీ ఉంది. గీత పడిన ప్లాస్టిక్ ముక్కను మార్చాల్సిందేనని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. దాన్ని మీ ఊళ్ళో తెలిసిన పెయింటర్‌కు ఒకసారి చూపించండి. పని బాగుంటే బేరమాడకుండా డబ్బివ్వండి.