కొండ ఇంటికి ఓ కథల పుస్తకం

మేముండే టెనెసీ రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల పేరు నమోదు చేయిస్తే చాలు, నెలకో కథల పుస్తకం పోస్టులో ఇంటికొస్తుంది. పైసా కట్టక్కర్లేదు. గాయని డాలీ పార్టన్ 1995లో తాను పుట్టి పెరిగిన స్మోకీ కొండల్లో, సెవియర్ కౌంటీ పిల్లల కోసం మొదలుపెట్టిన పని ఇది. ఆవిడ తండ్రికి చదవడం, రాయడం రాదు. ఆ లోటు దగ్గర్నుంచి చూసిన కూతురు కాబట్టే బడికి కాదు, నేరుగా ఇంటికే పుస్తకం పంపాలనుకుంది. ఇప్పటికి 20 కోట్లకు పైగా పుస్తకాలు అయిదు దేశాల పిల్లలకు చేరాయి.

మా పాప పేరు రాసి ఉన్న ఆ పుస్తకం చేతికి వచ్చినప్పుడల్లా నా మనసు అరకు కొండల మీదికి పోతుంది.

మా నాన్న డుంబ్రిగుడ వైపు ఓ ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులుగా చేశారు. శీతాకాలం పొద్దుగూకితే నెగడు చుట్టూ పిల్లలు మూగేవారు. నాన్న చందమామ తీసి ఒక వాక్యం తెలుగులో చదివి, దాన్నే తనకొచ్చిన ఆదివాసీ ఒడియాలో చెప్పేవారు. తప్పు పలికితే పిల్లలు గొల్లున నవ్వి సరిదిద్దేవారు. ఓ పోర్జా తెగ పిల్లాడు మాత్రం నవ్వేవాడు కాదు. రాక్షసుడి బొమ్మ మీద వేలుపెట్టి, తర్వాత ఏమైందో చెప్పేదాకా పేజీ తిప్పనిచ్చేవాడు కాదు. చదువు మీద ప్రేమ అంటే నాకు నేటికీ ఆ వేలే.

కొండ ఇళ్లలో కథలకు కొదవ లేదు. చోడి అంబలి కాస్తూ అవ్వ చెప్పే కథలున్నాయి, థింసా పాటలున్నాయి. లేనిది అచ్చు పుస్తకమే. పుస్తకమంటూ మొదటిసారి కనబడేది బడిలో, అదీ ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో. అక్షరం అర్థం కాక తడబడిన బిడ్డకు మొద్దు అని పేరు పెట్టేస్తాం. ఇది పెద్ద అన్యాయం.

ఈ సంగతి మన పెద్దలకు తెలియక కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం బడులు పెట్టి, వాచకాలు రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో కొండదొరల మధ్య తిరిగి, వారి కూబి భాష మాటలను, వ్యాకరణాన్ని 1969లో గ్రంథంగా తెచ్చారు. అది పండితుల బీరువాల్లో ఉంది, పిల్లల చేతుల్లోకి రాలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొండ (కూబి), కువి, సవర, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు వేయించింది. మంచి పనే. కానీ వాచకానికి పరీక్ష తోడుంటుంది. దుప్పట్లో పక్కన పెట్టుకుని పడుకునేది కథల పుస్తకాన్నే. ఒడిశాలో ప్రథమ్ బుక్స్ సంస్థ ఆదివాసీ రచయితలతోనే సవర, కుయి, ముండా, జువాంగ్ భాషల్లో బొమ్మల కథలు రాయించింది. అరకులో అంతకంటే కష్టమేమీ కాదు.

అమెరికాలోని మన తెలుగు ఇళ్ల సంగతీ ఇలాంటిదే. ఇక్కడి పిల్లలకు బడి భాష ఇంగ్లీషు, ఒడి భాష తెలుగు. ఎన్ని పేజీలు చదివావని లెక్కలడిగే తల్లిదండ్రులను చూస్తే బాధేస్తుంది. మా పాప ఒకే కోడిపెట్ట కథ నెలల తరబడి చదివించుకుంది. కంఠతా వచ్చాక తనే గుణింతాలు గుర్తుపట్టడం మొదలెట్టింది. విసుక్కోకుండా చదివి వినిపించడమే పెద్దల పని, మిగతాది పిల్లలే చూసుకుంటారు.

ఇక్కడి తెలుగువారి సంఘం తానా, ప్రచురణ సంస్థ మంచి పుస్తకం కలిసి తెలుగులో చక్కని పిల్లల పుస్తకాలు తెస్తున్నాయి. మన సంఘాలు అదే శ్రద్ధతో కూబి, కువి, ఆదివాసీ ఒడియాల్లో చిన్న చిన్న బొమ్మల పుస్తకాలకు ఖర్చు పెట్టుకోవాలి. కథ చెప్పే అవ్వకు, రాసే కొండ యువకుడికి పేరూ పారితోషికమూ రెండూ ఇవ్వాలి. ఈసారి సెలవులకు అరకు వెళ్లే వారికి ఒక్క మనవి: కాఫీ పొడి కొనుక్కునే ముందు దగ్గర్లోని బడికి వెళ్లి, ఆ పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో పంతులు గారిని అడగండి.