కొళాయి కూత

మొదటి రోజు బాగానే ఉంది. హంస మెడలా వంగిన స్టీలు కొళాయి, పావు వంతు తిప్పితే చాలు నీళ్ళు. పాత ఇత్తడిది కట్టాలంటే మణికట్టు నొప్పి పుట్టేది, వాషరు ఎన్నిసార్లు మార్చినా కారడం మానేది కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు మీదికొచ్చి మా కింది పోర్షనంతా బురద చేసి పోయినప్పుడు కూడా చెక్కుచెదరని కొళాయి అది. ప్లంబరు దాన్ని ఊడదీయగానే మా అత్త తీసుకుని చింతపండుతో తోమి అల్మారాలో పెట్టుకుంది. "మీ మామ తెచ్చింది" అని మాత్రం అంది.

రెండో రోజు పొద్దున మొదలైంది. కాస్త తిప్పితే ఏమీ లేదు. సగం దాటిందా, కుయ్య్‌మని సన్నగా కూత. గబుక్కున కట్టేస్తే గోడలో ధబ్‌మని ఒక దెబ్బ. ఒక్క కొళాయికి రెండు రోగాలు.

"పైపులో గాలి చేరింటుంది, పోతుందిలే" అన్నారు మా ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా. ప్లంబరుకు ఫోన్ చేస్తే, "కొత్తది కదక్కా, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అన్నాడు. నేను కాపురానికి వచ్చినప్పుడు కూడా అందరూ ఇదే మాట అన్నారు. మా అత్త ఒక్కతే, "గోడలో ఎవురో గుద్దినట్టుండాది" అంది. కూత గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆమెకు నచ్చని కొళాయి కాబట్టి కావాలనే ఊరుకుందేమో అనుకున్నాను.

వారం చూశాను. గాలి అయితే ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడు బుడబుడమని, నీళ్ళు తుంపులు తుంపులుగా చిమ్మి, కాసేపటికి సర్దుకోవాలి. ఇది అట్లా కాదు. ట్యాంకు నిండుగా ఉన్నా అదే కూత, అదే శ్రుతి. ఒక మధ్యాహ్నం పొడవాటి స్టీలు గంటె తీసుకుని, ఒక కొస సింకు కింది పైపుకు ఆనించి, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. అక్కడ నీళ్ళ పారుడు తప్ప ఏమీ లేదు. కొళాయి మూతి దగ్గర పెడితే చెవి గుయ్యిమంది. అంటే జబ్బు పైపులో లేదు, మూతిలోనే ఉంది.

రూఢి చేసుకుందామని సింకు కింది వాల్వు కొంచెం కొంచెం కట్టి చూడాలనుకున్నాను. నేను టార్చి పట్టుకుని సింకు కిందికి దూరి, అత్తను కొళాయి దగ్గర నిలబెట్టాను.

"అత్తా, పూర్తిగా తిప్పండి. నేను కింద కడుతూ వస్తాను. కూత ఎప్పుడు ఆగుతుందో చెప్పండి."

నా నెత్తి మీద కొళాయి ఈల వేస్తోంది. అత్త ఏమీ మాట్లాడదు.

"ఆగిందా?"

"ఏందమ్మీ ఆగేది?"

"కూత, అత్తా!"

"ఏం కూత? నీళ్ళు పడ్తాండాయి, అంతే."

ఆటపట్టిస్తోందనుకుని బయటికి వచ్చి ఆమె ముఖం చూశాను. ఆటేమీ లేదు. ఒక చెయ్యి కొళాయి మీద పెట్టుకుని, బడిలో లెక్క రాని పిల్లలా నా వైపు చూస్తోంది.

ఆ కొళాయి సంగతి ముందు చెప్పేస్తాను. మూతి దగ్గర మరలతో బిగించిన చిన్న జాలీ ఉంటుంది. నీళ్ళలో గాలి కలిపి చిమ్మకుండా మెత్తగా పడేట్టు చేసేది అదే. గుడ్డ చుట్టి చేత్తో తిప్పితే వచ్చేసింది. లోపల తుప్పు పెచ్చులు, ఇసుక, తెల్ల టేపు ముక్క ఒకటి. మా పాత ఇనుప పైపుకు కొత్త మరలు తిప్పినప్పుడు రాలినవి. సగం రంధ్రాలు మూసుకుపోతే, మేడ మీది ట్యాంకు నుంచి దిగే నీళ్ళు మిగిలిన రంధ్రాల్లోంచే దూరాలి కదా, కూయక ఏం చేస్తాయి? కడిగి బిగించాను, కూత పోయింది. (కొత్తది బిగించే ముందు పైపులోంచి ఒక బకెట్ నీళ్ళు వదిలేయమనండి. మావాడు వదల్లేదు.) బోరు నీళ్ళవాళ్ళు ఆ జాలీని అప్పుడప్పుడూ నిమ్మరసంలో నానబెట్టాలి, సున్నపు గార కడుతుంది. మన కర్నూలు, కడపల్లో చాలాచోట్ల కింద ఉన్నది సున్నపురాయే. గట్టు మీద పరిచిన కడప బండా, హాల్లో బేతంచెర్ల బండా ఆ జాతివే. ఇక గోడలో దెబ్బ. పాత కొళాయి మరలు మరలుగా కట్టుకునేది, ఇది ఒక్కసారిగా కట్టేస్తుంది. పరుగెత్తే నీళ్ళు టక్కున ఆగి, క్లాంపు ఊడిన పైపును గోడకు కొడుతున్నాయి. క్లాంపు వేయించాము, అయిపోయింది.

అయిపోనిది వేరే ఉంది. నేను పైకి పోయేటప్పుడు "మూడు కూతలకు ఆపండత్తా" అని చెప్పిపోతే, వచ్చేసరికి కుక్కర్లో పప్పు అడుగంటి ఉండేది. అట్లా ఎన్నిసార్లో. ఏడాదిగా ఇంట్లో అదే గొడవ. కాలింగ్ బెల్లుకు లేవదు. నేను పిలిస్తే పలకదు, కొడుకు అదే మాట అంటే వెంటనే "ఏం నాయనా" అంటుంది. ఆ ఒక్క విషయం మా అమ్మతో ఫోన్లో ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చానో. "కొడుకు మాట వినపడుతుంది, కోడలి మాట వినపడదు" అని ఎత్తిపొడిచాను కూడా, ఆమె ముందే.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. పరీక్ష చేసి కాగితం మీద గీత చూపించారు. లావు శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది, సన్న శబ్దాల వైపు పోయేకొద్దీ దిగిపోయింది. వయసుతో ముందు పోయేవి అవేనట. ఈలలు, కుక్కర్ కూతలు, ఆడవాళ్ళ, పిల్లల గొంతులు. మగవాళ్ళ గొంతు లావు కాబట్టి ఇంకా అందుతుంది. మాటల్లో కూడా స, శ లాంటివి జారిపోతాయట. బి.ఏ.లో ఊష్మాలని వల్లె వేసిన అక్షరాలు. వినపడినట్టే ఉంటుంది, మాట అర్థం కాదు. అడిగితే విసుక్కుంటామని ఊరుకుంటారు.

ఆటోలో వస్తూ మా ఆయన ఏదో చెప్తున్నారు, నేను వినలేదు. కోడలి మాట వినపడదు అని నేను అన్న మాట నిజమే. అంత నిజమని తెలియక అన్నాను.

మిషను పెట్టించాము. ప్రొద్దుటూరు నుంచి ఆడబిడ్డ వచ్చినప్పుడు పెట్టుకుంటుంది, మామూలు రోజుల్లో పెట్టెలోనే ఉంటుంది. "కొళాయి నీళ్ళు గూడ వానొచ్చినట్టు వినపడ్తాండాయి, తల పగుల్తాంది" అంటుంది. నేను ఎదురుగా వచ్చి, భుజం తట్టి, నిదానంగా, కొంచెం గొంతు లావు చేసి మాట్లాడుతున్నాను. మొన్న అట్లా మాట్లాడుతుంటే, "ఏందమ్మీ, గొంతు జలుబు చేసిందా?" అంది.