కొత్త కొయ్య, పాత స్వరం

పుదుచ్చేరి సముద్రతీరాన గూబెర్ అవెన్యూ వెంబడి నడిచే యాత్రికులు తప్పక చూడదగిన కట్టడాలలో ‘మేరీ’ భవనం ఒకటి. ఫ్రెంచి భాషలో ఈ మాటకు పురపాలక కార్యాలయమని అర్థం. సముద్రానికి అభిముఖంగా నిలిచిన ఈ భవనం పందొమ్మిదవ శతాబ్దపుదిగానే తోస్తుంది. నిజానికి నేడు మనకు కనిపించేది 2021లో ప్రారంభమైన పునర్నిర్మాణం. 1870–71 ప్రాంతపు అసలు కట్టడం శిథిలావస్థకు చేరి, 2014 నవంబరు 29న వర్షాలలో నేలకూలింది. పాత రూపాన్నే అనుసరించి దానిని తిరిగి నిర్మించారు.

మరి దీనిని పాత భవనమనవచ్చునా? ఈ ప్రశ్నకు ఒక గిటార్ చరిత్ర కొంత సమాధానమిస్తుంది.

పింక్ ఫ్లాయిడ్ బృందానికి చెందిన విఖ్యాత రాక్ సంగీతజ్ఞుడు డేవిడ్ గిల్మోర్ 1970లో న్యూయార్కులో ఒక నల్లని ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ కొన్నారు. తరువాతి కాలంలో దాని మెడను పలుమార్లు మార్చారు. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లనూ మార్చారు. ఒక దశలో కొయ్యను తొలిచి వేరొక యంత్రభాగాన్ని అమర్చారు. అనంతరం దానిని తొలగించి ఆ ఖాళీని మళ్ళీ కొయ్యతో పూడ్చారు. కొన్నేళ్ళు అది ఒక రెస్టారెంటులో ప్రదర్శన వస్తువుగా ఉండి, 1997లో యజమానిని చేరింది. మరమ్మతుల పిమ్మట 2005లో లైవ్ 8 వేదికపై మళ్ళీ పలికింది. 2019 జూన్ 20న జరిగిన వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లు పలికి, ఆనాటికి గిటార్లలో అత్యధిక ధరగా నమోదయింది. ఇన్ని భాగాలు మారినా అది వేరొక గిటార్ అని ఎవరూ అనలేదు.

కారణం సుస్పష్టం. దాని భాగాలు ఒకటొకటిగా, అవసరమైనపుడు మారాయి. వాద్యం మాత్రం ఆ చేతులలోనే కొనసాగింది. మేరీ విషయంలో ఆ పరంపర తెగిపోయింది. మిగిలినది రూపం. అదీ విలువైనదే; అది లేకుంటే తీరవీథి ముఖచిత్రంలో ఒక ఖాళీ ఉండిపోయేది. కాని అనుకృతి వేరు, అవిచ్ఛిన్నత వేరు.

ఆ తీరానికి వెనుకనున్న వీథులలో ఇటుక, సున్నం, టేకు దూలాలతో కట్టిన పాత ఇళ్ళు ఇంకా అనేకం ఉన్నాయి. మిద్దెపై నీరు నిలిస్తే సున్నపు పొర బీటలు వారుతుంది. తేమ గోడలోనికి దిగి దూలం కొనలను కుళ్ళబెడుతుంది. పైకి గోడ చక్కగానే కనిపిస్తూ ఉంటుంది. సకాలంలో ఒక దూలాన్ని మార్చి, ఒక నీటిగొట్టాన్ని శుభ్రపరచి, ఏటా వర్షాలకు ముందే బీటలు పూడ్చితే ఆ ఇల్లు మరో శతాబ్దం నిలువగలదు. దానికయ్యే వ్యయం పునర్నిర్మాణ వ్యయంలో స్వల్పాంశం మాత్రమే.

పుదుచ్చేరికి వెళ్ళే మిత్రులు పసుపు గోడలతో పాటు మిద్దెల అంచులను కూడా ఒకసారి తలయెత్తి చూడవలసినదని మనవి. ఏ ఇల్లు పలుకుతూనే ఉన్నదో, ఏది మూగబోతున్నదో అక్కడే తెలుస్తుంది.