జాడీలో నిద్ర

"ఇప్పుడే కంటినిండా పడుకోవే తల్లీ, పుట్టాక నీకు నిద్దరెక్కడిది?" ఈ మాట అన్నవాళ్లని నిలబెట్టి అడగాలనిపిస్తుంది: నిద్రేమైనా ఆవకాయా, జాడీకెత్తి ఏడాదంతా వాడుకోవడానికి? మా అమ్మాయికి ఎనిమిదో నెల. రాని నిద్రని దాచుకోమనడం ఏం న్యాయమో నాకు తెలీదు.

సూరత్‌లోని అడాజన్‌లో వాళ్ల అపార్ట్‌మెంటు లిఫ్టెక్కితే చాలు, సలహాలు మొదలు. మనవాళ్లు ఫోన్లో చెప్పేదే గుజరాతీ ఆంటీలు ఎదురుగా చెబుతారు. "డాబే పడఖే సూజే, బేటా." ఎడమ పక్కకే పడుకోవాలిట. మధ్యాహ్నం భోంచేసి ఎడమకి ఒరగడాన్ని ఇక్కడ వామకుక్షి అంటారు, అంచేత ఆ పక్కంటే వాళ్లకి భక్తి.

నిజానికి ఏడో నెల దాటాక వద్దనేది వెల్లకిలా పడుకోవడం. గర్భసంచి బరువు వెన్నెముకకి కుడిపక్కనున్న పెద్ద సిర మీద పడి, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. కొన్ని దేశాల పరిశోధనలు కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో, 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రకి ఒరిగినవాళ్లలో బిడ్డ కడుపులోనే పోయే ముప్పు రెండున్నర రెట్లు దాటి కనపడింది. కుడికీ ఎడమకీ మాత్రం తేడా కనపడలేదు. మధ్యలో మెలకువొచ్చి వెల్లకిలా ఉన్నాననుకుంటే బెంగెందుకు, పక్కకి తిరిగితే సరి. ఇది విన్నాక మా పిల్ల హాయిగా కుడికి తిరిగింది. లిఫ్టులో అడిగితే మాత్రం ఎడమే అంటోంది.

అసలు లేపేవి వేరే ఉన్నాయి. ఒకటి గుండెల్లో మంట. ఈ నెలల్లో ఊరే ప్రొజెస్టిరాన్ అన్నవాహిక కింది బిగువుని సడలిస్తే, కడుపులో పులుపు పైకి తన్నుతుంది. అది చాలనట్టు శరత్పూర్ణిమ మర్నాడు చందనీ పడవో వచ్చింది. ఆ రాత్రి సూరత్ మొత్తం ఘారీ తింటుంది. లోపల కోవా, పైన పేరిన నెయ్యి, నంజుకోడానికి భూసు అనే కారం మిక్స్చరు. పక్కింటావిడ పళ్లెం పట్టుకొచ్చి బిడ్డ కోసం అంటే ఎవరు కాదంటారు? ఆ రాత్రంతా గోడకి దిండ్లు చేరేసి కూర్చునే ఉంది.

రెండోది కాళ్లు. చీకటి పడేసరికి లోపలేదో పాకుతున్నట్టుండి, కదపకుండా ఉండలేదు. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇలా అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52.2 శాతానికి రక్తహీనత తేలింది. మా పిల్ల ఐరన్ మాత్ర వేసుకునేదేమో పుదీనా, నిమ్మగడ్డి వేసి మరిగించిన సూరత్ టీతో! టీ ఆ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. టీ మానదు కనక మాత్ర వేళే మార్చాం.

వీటన్నిటికీ మందుగా మా అల్లుడు ఓ దిండు కొన్నాడు. యు ఆకారం, మనిషంత పొడుగు. ముప్పాతిక మంచం దానిదే, అల్లుడిప్పుడు సోఫా మీద. లోపలంతా పాలిస్టరు. ఈ ఊళ్లో ఇంకేం దొరుకుతుంది? రింగ్ రోడ్డు మార్కెట్ల నిండా అదే. తెలంగాణ నుంచొచ్చిన మన పద్మశాలీలకి కూడా ఇక్కడ మరమగ్గాల మీద ఆ దారమే రాసిపెట్టి ఉంది. మెడ కింద ఉడుకు, చెమట పీల్చదు.

దిండంటే బూరుగు దూదిది. ఎండాకాలంలో కాయలు పగిలితే, గాలి రాకుండా తలుపులు మూసి మా అమ్మ గింజలు ఏరేది. జుట్టు నిండా దూది, తుమ్ములు. ఆ నారలు లోపల బోలు, నీరు పట్టవు. రెండో ప్రపంచ యుద్ధంలో నావికుల లైఫ్ జాకెట్లలో కూడా ఇదే కూరారు. ఆన్‌లైన్లో తెప్పిస్తానంటాడు అల్లుడు. ఫోటో చూసి కొనే వస్తువా అది? గుప్పిట్లో నొక్కి చూడాలి. వదిలాక ఉబ్బకపోతే పత్తి కలిపారన్నమాట. మా ఊరి బజార్లో అలా కలిపేవాడొకడు మా చెల్లెలి పెళ్లికిచ్చిన దిండ్లు ఏడాది తిరక్కుండా గడ్డలు కట్టాయి. వెళ్లి అడిగితే, "దూది మంచిదేనమ్మా, పెళ్లికొడుకు తలే బరువు" అన్నాడు.