320 గజాలు

"ఎంత దూరం కొడతారు?" అని అడిగాడు తుపాకుల దుకాణంలో కుర్రాడు. రైఫిల్ మీదికి స్కోపు కావాలని వెళ్ళిన ప్రతివాళ్ళనీ మొదట అడిగే ప్రశ్నే ఇది, చెప్పుల కొట్లో సైజు అడిగినట్టు. నేను తడబడ్డాను. "రేంజ్‌లో అయితే ఆరొందల గజాలు. వేటకైతే..." అని ఆగిపోయాను. నా మొహంలో ఏం కనబడిందో గానీ, "తొందరేం లేదు, చూస్తూ ఉండండి" అని అతను వేరే కస్టమర్ దగ్గరికి వెళ్ళాడు.

ఆ "వేటకైతే" తర్వాత రావలసిన అంకె తేల్చుకోడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ముందుగా ఒక మాట. అమెరికాలో తుపాకీ గురించి రాస్తున్నానంటే ఇంకో రకం వ్యాసం కోసం ఎదురు చూసేవాళ్ళుంటారు. అది ఎవరో ఒకరు రాయాల్సిందే, కానీ ఇది అది కాదు. జింకని వేటాడటం అనగానే మనవాళ్ళకి కోర్టు, జైలు గుర్తొస్తాయి. టెక్సస్‌లో తెల్లతోక జింకలు 50 లక్షలకి పైనే ఉన్నాయి. లైసెన్సుతో పాటు ట్యాగులిస్తారు, కొట్టిన ప్రతి జింకకీ ఒకటి చింపి కట్టాలి. ఆస్టిన్‌లో మా స్నేహితులు ఆదివారం ఫార్మ్‌కి వెళ్ళి, కళ్ళెదురుగా మేకని కోయించి, పోగులేసుకుని తెచ్చుకుంటారు. వాళ్ళే మా ఇంట్లో జింక మాంసం అనగానే "అయ్యో పాపం, దాని కళ్ళు చూశావా అసలు?" అంటారు. చూశాను. ఈ వ్యాసం ఒకరకంగా దాని గురించే.

నా మొదటి స్కోపు వేట కోసం కొన్నది కాదు. గ్రీన్ కార్డు వచ్చాక రేంజ్‌కి వెళ్ళడం మొదలెట్టాను. దూరంగా వేలాడే ఇనప పలకల్ని కొట్టడం నాకు మహా నచ్చింది. ఆరొందల గజాల దగ్గర పలక ఉంటే, ట్రిగ్గర్ లాగాక రెండు సెకన్ల పైన పడుతుంది 'టంగ్' అని వినబడటానికి. గుండు వెళ్ళాలి, శబ్దం తిరిగి రావాలి. ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం కోసమే డబ్బు తగలేశాననుకోవచ్చు. 6 నుంచి 24 రెట్లు పెద్దది చేసి చూపించే స్కోపు, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు, బరువు రెండు పౌన్ల దాకా. లోపల గీతలన్నీ మిల్స్‌లో. మిల్ అంటే వెయ్యో వంతు: వెయ్యి గజాల దగ్గర ఒక గజం, వంద గజాల దగ్గర 3.6 అంగుళాలు. పైనున్న మరను ఒక్కో క్లిక్కు తిప్పితే మిల్లులో పదో వంతు జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? దూరం కొలిచి, పట్టికలో చూసి, అన్ని క్లిక్కులు తిప్పి, గీత మధ్యలో పెట్టి లాగడమే. లెక్క తప్పకపోతే గుండు తప్పదు అనుకునేవాణ్ణి.

ఆ రైఫిల్‌తోనే, ఆ స్కోపుతోనే, నిరుడు నవంబర్లో లానో వైపు వేటకి వెళ్ళాను. లానో కౌంటీని టెక్సస్ జింకల రాజధాని అంటారు. గ్రానైటు బండలు, ఓక్ చెట్లు, మధ్యలో మెస్కీట్ పొదలు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టం, ముళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. కౌలుకిచ్చిన ముసలాయన నన్ను ఒక మంచె మీద కూర్చోబెట్టి వెళ్ళాడు. సూర్యాస్తమయం అయ్యాక అరగంట వరకే కొట్టచ్చు. ఆ అరగంట సగం గడిచాక, వాగు అవతల పొదల్లోంచి ఆడ జింక ఒకటి బయటికొచ్చింది. దూరం కొలిస్తే 320 గజాలు.

ఆరొందల దగ్గర పళ్ళెమంత పలకని కొట్టేవాడికి 320 ఒక లెక్కా? పట్టిక ప్రకారం 13 క్లిక్కులు తిప్పాను. స్కోపుని 18 రెట్లకి పెంచాను. బొమ్మ కాస్త మసగ్గా ఉంది, చెయ్యి కొంచెం కదిలితే మొత్తం ఊగుతోంది. అయినా జింక చెవి తిప్పడం కూడా కనబడుతోంది. అంత దగ్గరగా కనబడుతున్న దాన్ని దూరంగా ఉందని నమ్మడం కష్టం. భుజం వెనక పెట్టి లాగాను.

రైఫిల్ ఎగిరిపడింది. మళ్ళీ స్కోపులో కన్ను పెడితే ఏమీ లేదు. గడ్డి. ఇంకా గడ్డి. 18 రెట్ల దగ్గర ఆ స్కోపులో వంద గజాల దూరంలో కనబడే వెడల్పు ఆరడుగులు. 320 దగ్గర పందొమ్మిది అడుగులు. జింక ఎటు పోయిందో, పడిందో లేదో, అసలు తగిలిందో లేదో చూసే వీలే లేకపోయింది. చేతుల్లో అన్ని డాలర్ల అద్దాలు పెట్టుకుని, చూడాల్సిన ఒక్క క్షణం గుడ్డివాణ్ణయ్యాను.

టార్చి లైటుతో వెళ్ళాం. ముసలాయన వంగి ఒక ఆకు తీసి వాసన చూశాడు. ముదురు రంగు నెత్తురు, మధ్యలో పచ్చగా ఏదో. "కడుపులో తగిలింది. ఇప్పుడు వెంటపడితే ఇంకా దూరం పరిగెడుతుంది. పొద్దున చూద్దాం" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పొద్దున్నే వాగులో దొరికింది. రాత్రి కయోటీలు వెనక భాగం తినేశాయి. అవి వచ్చేటప్పటికి అది చచ్చిపోయి ఉందో లేదో నాకు తెలీదు. జేబులోంచి ట్యాగు తీసి, తేదీ దగ్గర కోసి, మిగిలిన కాలికి కట్టాను. చట్టం ప్రకారం అది నా జింకే.

ఏం జరిగిందో తర్వాత లెక్కేసుకున్నాను. ఎత్తు సరిగ్గానే ఉంది, 13 క్లిక్కులూ కరెక్టే. వాగులో గాలి వీస్తోంది, నేను పట్టించుకోలేదు. గంటకి పది మైళ్ళ అడ్డగాలి నేను వాడే 6.5 క్రీడ్‌మోర్ గుండుని ఆ దూరంలో ఆరంగుళాలు పక్కకి నెడుతుంది. జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు. మధ్యలో గురిపెడితే అటు నాలుగు, ఇటు నాలుగు. రేంజ్‌లో అయితే ఇది "మిస్". ఇంకో గుండు వేసి, గాలి దిద్దుకుని, మళ్ళీ కొడతాం. పలక అక్కడే ఉంటుంది.

నాన్నకి ఫోన్లో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. మా తాతయ్యకి మార్కాపురం అవతల, నల్లమల అంచున చేను. పందులొస్తాయని లైసెన్సు తుపాకీ ఒకటుండేది, మందు కూరి కడ్డీతో దట్టించే ఒంటి గొట్టందే. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి, అయిపోయాక తెచ్చుకునేవాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక పందిని కొట్టడం కూడా పోయింది, ఇక ఊరికే పేల్చి బెదిరించడమే. ఆ తుపాకీకి గురి చూసుకోడానికి ఉన్నదల్లా గొట్టం చివర కందిగింజంత ఇత్తడి బొడిపె.

"దాంతో ఎంత దూరం కొట్టేవాడు నాన్నా, తాతయ్య?"

"దూరమేంట్రా? ముప్పై అడుగులు. అంతకన్నా దూరమైతే ఆ బొడిపె వెనకే పంది మొత్తం దాక్కునేది, ఇంకేం కొడతాడు?" అని నవ్వాడు. తర్వాత, "నువ్వు ఎంత దూరం నుంచి కొట్టావన్నావు?" అన్నాడు.

చెప్పాను. నాన్న గజాల్ని అడుగుల్లోకి మార్చుకుంటున్నాడనుకుంటా, కాసేపు మాట్లాడలేదు. "చేనుకి ఆ చివర నుంచి రోడ్డు దాకా ఉంటుందే" అన్నాడు చివరికి.

స్కోపుల గురించి కొత్తగా చదవడం అప్పుడు మొదలైంది. ఇదివరకు చదివినదే, ఈసారి వేరే వైపు నుంచి. ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు వస్తుంది. 50ని 18తో భాగిస్తే 2.8 మిల్లీమీటర్లు. మసక చీకట్లో నా వయసు వాళ్ళ కంటిపాప ఐదారు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అంటే ఆ సాయంత్రం బొమ్మ మసగ్గా ఉండటం అద్దాల తప్పు కాదు. నేను ఆరేడు రెట్లకి తగ్గించి ఉంటే వెలుగంతా కంట్లోకి వచ్చేది, జింక ఎటు పోయిందో కూడా కనబడేది. గీతల సంగతి కూడా అంతే. దూరపు గురికి చేసిన స్కోపుల్లో గీతలు బొమ్మతో పాటే పెరిగి, బొమ్మతో పాటే తగ్గుతాయి. ఏ రెట్టు దగ్గరైనా మిల్ మిల్లే, ఆ లెక్కకి అదే కావాలి. కానీ పొద్దువాలాక తక్కువ రెట్లలో ఆ గీతలు సాలెపోగులంత సన్నబడి పొదల్లో కలిసిపోతాయి. మామూలు వేట స్కోపులో గీతలు మారవు, అంచుల్లో లావుగా ఉండి మధ్యలోకి దారి చూపిస్తాయి. లూపోల్డ్ వాళ్ళు 1962లో తెచ్చిన డూప్లెక్స్ గీత అదే. ఇన్నాళ్ళూ దాన్ని ముసలాళ్ళ గీత అనుకునేవాణ్ణి.

రెండోసారి వెళ్తే దుకాణం కుర్రాడు మధ్యేమార్గం చూపించాడు. 3 నుంచి 18 రెట్లు, 44 మిల్లీమీటర్ల అద్దం, రెండింటికీ పనికొస్తుంది. చాలామందికి అదే చెప్తాను నేను కూడా. ఒకటే రైఫిల్, ఒకటే బడ్జెట్ ఉంటే అంతకన్నా మంచి సలహా లేదు. వేటకెళ్ళినప్పుడు ఆరు దగ్గర పెట్టుకుంటే సరిపోయె కదా అంటారు. నిజమే. కానీ ఆ వాగు గట్టు మీద చెయ్యి దానంతటదే 18కి వెళ్ళిన మనిషిని నేను. నన్ను నేను ఎంత నమ్మచ్చో తెలిశాక, ఎక్కువ చూపించే వస్తువు నాకు ఎక్కువ అనిపించింది.

అంకె ఇంకా తేలలేదు. దానికి మాత్రం చదువు పనికిరాలేదు, కాగితం పళ్ళేలు పనికొచ్చాయి. పార్టీల్లో వాడే మామూలు పళ్ళేలు, తొమ్మిది అంగుళాలవి. బల్ల మీద ఇసక సంచి పెట్టుకుని కాదు, మంచె మీద కూర్చున్నట్టే మోకాళ్ళ మీద ఆనించి, పొద్దున్నే చల్లటి గొట్టంతో ఒక్క గుండు. రోజుకి ఒక్కటే. జింక కూడా ఒక్కటే ఇస్తుంది. వంద గజాల దగ్గర పది వారాంతాలు, పదీ తగిలాయి. నూట యాభై దగ్గరా అంతే. రెండొందల దగ్గర పదిలో తొమ్మిది. రెండొందల యాభై దగ్గర ఆరు. బల్ల మీద ఆరొందల దగ్గర పలక మోగించే మనిషికి మోకాళ్ళ మీద రెండొందల యాభైలో పదికి నాలుగు జింకలు వాగులో పడి ఉంటాయి.

తొమ్మిది కూడా చాలదనిపించింది. నూట యాభై అని కాగితం మీద రాసుకున్నాను.

నూట యాభైకి ఏం కావాలి? పెద్దగా ఏమీ అక్కర్లేదు. 3 నుంచి 9 రెట్లు, 40 మిల్లీమీటర్ల అద్దం, లావు గీతలు, మరల మీద మూతలు. ఆ మూతలు ముఖ్యం, తిప్పాలన్న ఆలోచనే రాకుండా ఉంటుంది. బరువు పాతదాంట్లో సగం. ఖరీదు మూడో వంతు కన్నా తక్కువ. డబ్బా తెరిచి చూపిస్తే మా ఆవిడ, "ఇది చిన్నదిగా ఉందే, పాతది పాడైందా?" అంది. లేదన్నాను. "అయితే మళ్ళీ వెళ్తావన్నమాట" అంది. దానికి జవాబు చెప్పలేదు. నిరుటి రాత్రి నేను ఇంటికొచ్చి ఎంతసేపు స్నానం చేశానో తనకి తెలుసు.

పాతదాన్ని అమ్మలేదు. ఇంకో రైఫిల్ మీద బిగించాను, పలకల కోసం. దానితో నాకే గొడవా లేదు. గాలి రోజుల్లో ఇప్పుడు ఇంకా బాగా పనికొస్తోంది, ఎండుగడ్డి ఎటు వంగిందో ముందు చూడటం అలవాటైంది.

కొత్తదాన్ని మొన్న వంద గజాల దగ్గర సరిచేశాను. మూడు గుండ్లు, అంగుళంన్నరలో పడ్డాయి. తొమ్మిది రెట్ల దగ్గర పెట్టి రేంజ్ చివర ఆరొందల పలక వైపు చూశాను. ఉంది, చిన్నగా, గోరంత. అక్కడ ఏముందో తెలుస్తోంది గానీ కొట్టాలని మాత్రం అనిపించలేదు.

వేట మొదలయ్యేది నవంబర్ మొదటి శనివారం. ముసలాయన ఫోన్ చేసి, ఈసారి వాగు వైపు మంచె కావాలా, ఓక్ చెట్ల కింది మంచె కావాలా అని అడిగాడు. ఓక్ చెట్ల కింద నుంచి కనబడేది ఎంత దూరం అన్నాను. "నూట ఇరవై. ఆ పైన అంతా చెట్లే" అన్నాడు.

అదే ఇమ్మన్నాను. రింగుల స్క్రూలు ఇంకోసారి బిగించాలి.