తోడిన కొద్దీ

ఈ సంచికకు అల్లసాని పెద్దన కవిత్వమును గూర్చి ఒక వ్యాసము వ్రాసి యిత్తుమని సంపాదకులకు మాట యిచ్చియుంటిమి. కాని కొన్ని నెలలుగా మా సంచిలో మనుచరిత్రము ప్రక్కనే ఒక తల్లిపాల పంపు కూడ కళాశాలకు వచ్చిపోవుచున్నది. కలము పట్టగానే మనస్సు దానివైపే పోయినది. విద్యార్థినీ విద్యార్థులును, కమిటీ పెద్దలును మన్నింతురు గాక.

2017 నాటి సవరణ చట్టము వలన లభించిన 26 వారముల ప్రసూతి సెలవులో 6 వారములు కాన్పునకు ముందే గడచిపోయినవి. తిరిగి విధులలో చేరునాటికి పాపకు 5 నెలలు నిండలేదు. 6 నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీరైనను వలదని వైద్యులు చెప్పుదురు. రెండు సంవత్సరములు పాలిచ్చుటను గూర్చి ఖురాన్‌లోనే ఉన్నదని మా అత్తగారు గుర్తు చేయుచుందురు. మాకు రెండును సమ్మతమే. అయితే తరగతులు ఉదయం 10 గంటలకు మొదలై సాయంత్రం 4 గంటలకు గాని ముగియవు.

అందుచేత చేతితో నొక్కు పంపు నొకదానిని కొన్నాము. గరాటు వంటి గిన్నె, ఒక రబ్బరు పొర, ఒక పిడి, క్రింద సీసా, ఇంతే. పిడి నొక్కినపుడు లోపలి గాలి పలుచనై పాలు లాగబడును. ఇట్టి సాధనమునకు అమెరికాలో 1854లోనే పేటెంటు లభించినదని చదివి ఆశ్చర్యపడినాము. మా అత్తగారు దానిని అటునిటు త్రిప్పి చూచి, "ఏమమ్మా, నీవేమైనా పాడిగేదెవా?" అన్నారు. నవ్వినాము గాని, ఆ మాట చాలా దినములు మనస్సులో ముల్లువలె ఉండినది.

కళాశాలలో చోటేది? గ్రంథాలయము వెనుక పాత జవాబుపత్రములను కట్టలు కట్టి ఉంచిన గది యొకటి దొరకినది. దానికి లోపలి గడియ లేదు. మా ఆయమ్మ బయట స్టూలు వేసికొని కాపలా కూర్చుండెడివారు. మొదటి దినము 20 నిమిషములు శ్రమించినను సీసా అడుగు మాత్రమే తడిసినది. పాలు లేక కాదు. అడుగుల చప్పుడు వినబడినప్పుడెల్ల శరీరము బిగిసికొని పాలు దిగనీయదు. ఉర్దూ శాఖలోని మా ఆపా, ముగ్గురు బిడ్డల తల్లి, పాప టోపీ నొకదానిని వెంట తెచ్చుకొమ్మన్నారు. మరునాడు దానిని వాసన చూచుచు కూర్చుంటిమి. తొలుత చిన్నగా, వడిగా నొక్కి, పాలు దిగిన పిదప నిదానముగా నొక్కవలెనని తెలిసినది. బావి సంగతి మనకు తెలిసినదే; తోడకున్న ఊట తగ్గును. వారము తిరుగునప్పటికి సీసాలో 80 మిల్లీలీటర్లు కనబడినవి. ఎం.ఏ. పట్టా అందుకొన్ననాడు కూడ మేమంత గర్వపడలేదు.

తీసిన పాలను 25 డిగ్రీల గది వేడిమిలో 4 గంటలకు మించి ఉంచరాదు. మన ఊరిలో మిట్టమధ్యాహ్నము ఆ చల్లదనము ఏ నెలలో దొరకును? ఐసుగడ్డలు వేసిన డబ్బాలో ఇంటికి చేర్చెడివారము. ఫ్రిజ్‌లో 4 దినములు నిలుచును. మీగడ పైకి తేలినంత మాత్రమున పాలు విరిగినట్లు కాదు. పొయ్యిపై కాచరాదు, వేడినీటి గిన్నెలో సీసా నుంచవలెను. ఇవన్నియు నేర్చుకొన్న మా అత్తగారు ఇప్పుడు పంపు భాగములను మరిగించు పని మరియొకరికి అప్పగింపరు.

డిసెంబరు పరీక్షలలో ఒకనాడు మాకు 3 గంటల పర్యవేక్షణ పడినది. మారు చూచువారు లేరు. రెండవ గంట దాటగానే రొమ్ములు రాయివలె గట్టిపడి, నొప్పి భుజము వరకు ప్రాకినది. పిదప బట్టలు తడిసినవి. అదనపు కాగితముల కట్టను ఎదకు అదుముకొని బల్లల నడుమ తిరిగినాము. ముందు వరుసలోని విద్యార్థిని ఒకతె తలయెత్తి చూచి, ఏమియు అనక, తన చలిశాలువను బల్ల అంచున పెట్టి మరల వ్రాయసాగినది. ఆ రాత్రి మాకు జ్వరము వచ్చినది. శాలువను ఉతికి తిరిగి యిచ్చితిమి. ఆ విషయము మా ఇద్దరి నడుమ నేటికిని మాటలలోనికి రాలేదు.

పాపకిప్పుడు 11 నెలలు. పప్పన్నము తినుచున్నది, పంపుతో పని దినమునకు ఒక్కమారే. ఆయమ్మ ఈ మే నెలలో పదవీ విరమణ చేయుచున్నారు. భౌతికశాస్త్ర శాఖలోని సోదరి వచ్చే నెల ప్రసూతి సెలవుపై వెళ్ళుచున్నారు. ఆ గది తలుపునకు గడియ యింకను లేదు.